బుర్రావారి కారులో మంచం పట్టింది

బుర్రావారికి తెలివి ఇంటిపేరులోనే ఉంది. ఈ మాట ఊరు అన్నది కాదు, వాళ్ళే చెప్పుకునేది. "అందరికీ బుర్ర మెడమీద ఒక్కచోటే ఉంటుంది. మనకి రేషన్ కార్డు మీద కూడా ఉంది," అనేవాడు పెద్దకొడుకు గంగాధరం. ఎదుటివాడు ఏమంటే అది అన్నట్టుగా పట్టుకోవడమే తెలివని, ఒక మాటకి రెండో అర్థం వెతికేవాళ్ళంతా లోకాన్ని పాడుచేస్తున్నారని అతని వాదన. ఆ వాదనలో అతన్ని ఇంతవరకూ ఎవరూ గెలవలేదు. గెలవడానికి అవతలివాళ్ళకి ఓపిక ఉండాలి కదా.

అలాంటి గంగాధరానికి ఒక బెంగ పట్టుకుంది. వాళ్ళమ్మ మాణిక్యాంబకి నడుం నొప్పి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఆ నొప్పితోనే తన చెల్లెలు సీతారత్నం గృహప్రవేశానికి పాలకొల్లు వెళ్ళలేకపోయింది. చెల్లెలికి కోపమొచ్చింది. "నువ్వొచ్చి నా గడప తొక్కేదాకా నీ గడప నేను తొక్కను," అని ఫోను పెట్టేసింది. అప్పట్నుంచీ మాణిక్యాంబ అన్నం ముందు కూర్చుని, "దానికి ఈ వంకాయకూరంటే ప్రాణం," అని కంచం పక్కకి జరిపేస్తోంది.

"కూర్చుని ప్రయాణం కూడదు. పడుకుని అయితే వెళ్ళొచ్చు," అన్నాడు డాక్టరు.

ఇంకేముంది, గంగాధరం తన ఏడు సీట్ల కారులో అమ్మకి మంచంలాంటి బల్ల కట్టించాలని వడ్రంగి వీరాచారిని పిలిపించాడు.

"బల్లమీద అమ్మగారు, కింద సామాను అరలు. ఇంతే కదా," అన్నాడు వీరాచారి. "టీ తాగొస్తాను. ఈలోగా వెనక సీట్లు పడుకోబెట్టి ఉంచండి."

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు.

"పట్టపగలు పడుకుంటాయా అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు భీమశంకరం.

"జోకొడితే పడుకోక ఏం చేస్తాయి," అన్నాడు గంగాధరం.

అంతే. అతని భార్య వరహాలు జోలపాట అందుకుంది. భీమశంకరం సీటు వీపుమీద జోకొట్టాడు. కొట్టగా కొట్టగా మోచెయ్యి పక్కనున్న మీటకి తగిలి సీటు ధబ్బున వాలింది. "పడుకుంది," అన్నాడు గుసగుసగా. రెండో సీటు మొండిది. దానికి వరహాలు కథ కూడా చెప్పాల్సొచ్చింది.

వీరాచారి తిరిగొచ్చి, "కొలతలు చూద్దామా," అనేసరికి ముగ్గురూ ఒకేసారి నోటిమీద వేలేసుకున్నారు.

"నెమ్మది ఆచారిగారూ. ఇప్పుడే కన్నంటుకుంది," అంది వరహాలు.

"ఎవరికమ్మా?"

"చిన్న సీటుకి."

వీరాచారి కాసేపు ఆవిణ్ణి చూశాడు, కాసేపు ఆకాశాన్ని చూశాడు, తర్వాత నోరు మూసుకుని కొలతలు తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే బల్లకి చెక్కపలక కోసి తెచ్చాడు గానీ, ఆ ఇంట్లో ఇంకో గంట ఉండే ధైర్యం లేక, "నాకు పెళ్ళిభోజనం ఉంది," అని గుమ్మంలోంచే చెప్పేశాడు. "ముందు పలక బిగించెయ్యండి. అరల సంగతి వెనక చూసుకుందాం. ఒకసారి బిగించాక మాత్రం నేనొచ్చేదాకా విప్పకండి, పట్టు పోతుంది."

"ముందు పలక, వెనక అరలు," అని గంగాధరం మూడుసార్లు అనుకున్నాడు. మనిషన్నాక ఇంత స్పష్టంగా చెప్పాలి అని మెచ్చుకున్నాడు కూడా.

ఇంకేముంది, ముందు సీట్లు రెండూ ఊడబీకారు. స్టీరింగు అడ్డొచ్చింది. దాన్నీ ఊడబీకారు. వెనక సీట్లు లేస్తాయేమోనని సుత్తికి తువ్వాలు చుట్టి, పలకని ముందు భాగంలో అడ్డంగా బిగించేశారు. మాణిక్యాంబ పొట్టి మనిషి. తీసుకెళ్ళి పడుకోబెడితే తల ఒక తలుపుకి, పాదాలు ఇంకో తలుపుకి అతికినట్టు సరిపోయాయి. చాలారోజుల తర్వాత నడుం నొప్పి లేకుండా ఆవిడ కళ్ళు మూసుకుంది.

గంగాధరానికి ఆనందం ఆగలేదు. పిన్నికి ఫోను కలిపాడు.

"పిన్నీ, మంచం పట్టింది."

"ఎవర్రా, అక్కా? అప్పుడేనా? ఎలా ఉంది?"

"కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉంది. ఇంక పోవడమే ఆలస్యం. నిన్నే తలుచుకుంటోంది."

సీతారత్నం గొల్లుమంది. ఫోను కట్టయింది.

"ఎంత సంతోషమో పాపం, ఏడ్చేసింది," అన్నాడు గంగాధరం కళ్ళు తుడుచుకుంటూ. "పదండి, పదండి."

తీరా బయల్దేరదామని తలుపు తీస్తే, తను కూర్చోవాల్సిన చోట అమ్మ పాదాలున్నాయి.

"వరహాలూ, స్టీరింగేదీ?"

"సామాన్లో కట్టేశానండి. ఆవకాయ జాడీ పక్కన."

"అది లేకుండా ఎలా నడపనే?"

"పోనీ పలక విప్పండి."

"ఆచారిగారు విప్పొద్దన్నారు కదా."

ఆ మాటతో అందరూ చతికిలబడ్డారు. మాణిక్యాంబ పడుకునే ఏడుపు మొదలెట్టింది. "నా రాత ఇంతేరా. దాని గడప నేనెక్కడ తొక్కుతాను. అక్కచెల్లెళ్ళం ఇలాగే పోతాం."

అమ్మ అలా ఏడుస్తుంటే గంగాధరం కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఇంటిపేరు గుర్తుతెచ్చుకున్నాడు. తల రెండుచేతులా పట్టుకుని ఆలోచించాడు. చటుక్కున లేచి, తమ్ముడి చెవిలో ఏదో చెప్పి, గునపం ఇచ్చి, మోటారుసైకిలు మీద పాలకొల్లు పంపాడు.

రెండు బస్సులు మారి సీతారత్నం మధ్యాహ్నానికి దిగింది. జుట్టు విరబోసుకుని, వీధిమొదట్నుంచే రాగం తీస్తూ వచ్చింది. వాకిట్లో కారు. కారులో అక్క. అక్క చేతిలో జంతిక.

"నువ్వింకా ఉన్నావా?" అంది చెల్లెలు.

"ఉండక ఎక్కడికి పోతాను. స్టీరింగు లేదుగా," అంది అక్క.

సీతారత్నం గంగాధరాన్ని తిట్టిన తిట్లకి వీధికుక్కలు లేచి పక్కవీధికి వెళ్ళిపోయాయి. తిట్టి తిట్టి ఆయాసమొచ్చి ఆవిడా కారెక్కి అక్క పక్కన నడుం వాల్చింది. "ఇదుగో, నేను మీ గడప తొక్కలేదు. కారే ఎక్కాను. నా పంతం నాదే," అంది. "జరగవే, చిన్నప్పట్నుంచీ అంతే, మంచమంతా నీకే కావాలి." మరుక్షణం ఇద్దరూ ఒకే ఆవకాయ జాడీలో చేతులు పెట్టి, పోయినవాళ్ళందర్నీ పేరుపేరునా తలుచుకుని నవ్వుకుంటున్నారు.

పొద్దు వాలుతుండగా భీమశంకరం వచ్చాడు. భుజమ్మీద పొడుగాటి చెక్క. దానికి పసుపు, కుంకుమ బొట్లు.

"పిన్నీ, నీ గడప," అని కారు పక్కన పెట్టాడు గర్వంగా. "అమ్మ రాలేకపోతే గడపే వస్తుందని అన్నయ్య కనిపెట్టాడు."

మాణిక్యాంబని పొదివి పట్టుకుని దించారు. ఆవిడ కుడికాలు పెట్టి గడప తొక్కింది. తొక్కి చెల్లెలివైపు చూసింది. సీతారత్నం కళ్ళు తుడుచుకుని, వంగి, గడపని పరకాయించి చూసింది.

"ఒరే, ఇది మా గడప కాదురా."

"కాదు పిన్నీ. మీ ఇంటికి తాళం వేసుంది. తాళం వేసిన ఇంటి జోలికి పోతే దొంగతనం కదా. అందుకని ఎదురింటివాళ్ళది తెచ్చాను. పాపం మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. లేస్తారని గునపానికి తువ్వాలు కూడా చుట్టాను."

"లేవలేదా?" అంది పిన్ని పీలగా.

"వచ్చేసేటప్పుడు లేచారు. వెనకాలే ఆటోలో వస్తున్నారు. ఇంటిల్లిపాదీ."

గంగాధరం ఒక్కక్షణం ఆలోచించాడు. "న్యాయమే. అమ్మ వాళ్ళ గడప తొక్కింది. ఇప్పుడు మన గడప తొక్కడం వాళ్ళ వంతు."

"ఉత్తచేతుల్తో కూడా రావట్లేదు అన్నయ్యా. తలా ఒక కర్ర పట్టుకొస్తున్నారు."

"చూశావా, ఎంత మర్యాదస్తులో," అని గంగాధరం లోపలికి కేకేశాడు. "వరహాలూ, ఎసరు పెట్టు. కట్టెలు వాళ్ళే తెస్తున్నారట."