తొలి విస్తరికి జగ్గులు పరుగు

మంచుకొండల అడుగున ఒక గొడ్లపాక. ఆ పాకలో సింగారి అనే మేకకి ఆ పొద్దున కాళ్లు నేల మీద నిలవడం లేదు. గడ్డివామి ఎక్కుతోంది, దూకుతోంది, మళ్లీ ఎక్కుతోంది. కారణం పెళ్లిపిలుపు. చలికాలమంతా పాక చుట్టూ పురుగులు ఏరుకుతిన్న కొంగ ధవళమ్మ, సొంతూరికి ఎగిరిపోతూ చెప్పింది.

"మా అమ్మాయి పెళ్లి. అందరూ రావాలి. మా సరస్సు మంచుకొండల మీదుంది. ఎలుగుల దేశం, జడలబర్రెల దేశం దాటి రావాలి. మా దగ్గర ముందొచ్చిన చుట్టానికే తొలి విస్తరి!"

"రెండు పరాయి దేశాలు, గౌరక్కా!" అంటూ సింగారి బర్రె గౌరమ్మ వీపెక్కింది.

"దిగవే. ముందు మూటలు కట్టుకోవాలి," అంది గౌరమ్మ నెమరు ఆపకుండా.

పక్క పొలానికి వెళ్లాలన్నా పదిసార్లు ఆలోచించే రకం గౌరమ్మ. ధవళమ్మ రెక్క విప్పకముందే ఆపి అన్నీ అడిగి పెట్టుకుంది.

"పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుందట. కాస్త ఎక్కాలి, ఆగాలి. పగలు ఎంత ఎత్తెక్కినా పడుకోవడానికి కాస్త కిందికి దిగాలి. దాహం లేకపోయినా నీళ్లు తాగాలి. గొంగళ్లు, గిట్టలకి గోనెపట్టాలు, ఎండుగడ్డి, బెల్లం పట్టుకెళ్దాం. ఎలుగుల దేశంలో తేనెపట్టు వంక చూడకూడదు. జడలబర్రెలైతే రోగమున్న వాళ్లని అడుగు పెట్టనివ్వవట."

"గాలి పల్చబడ్డానికి అదేమన్నా మజ్జిగా?" గోడ మీద నుంచి నక్క జగ్గులు పకపకా నవ్వాడు. "పెళ్లికి పోతున్నారా, కాపురానికా? నేనైతే చేతులూపుకుంటూ వస్తా."

సింగారికి ఆ మాట భలే నచ్చింది. కానీ గౌరమ్మ వింటేనా? బయల్దేరే దాకా రోజూ మూట వేయించి వెనక గుట్ట ఎక్కించింది. మొదట్లో మేకకి విసుగొచ్చింది. తర్వాత అదే ఆటైపోయింది. పాటలు పాడుతూ ఎక్కేది.

మంచి రోజు చూసి ముగ్గురూ కదిలారు. ఎలుగుల పొలిమేరలో కాపలా ఎలుగు అందరి మూతులూ వాసన చూసి, తేనె దొంగలు కారని నమ్మి, చెవుల మీద బురద ముద్ర కొట్టి వదిలింది. సింగారి ఆ ముద్ర చూసుకోవాలని దారి పొడవునా కనపడిన ప్రతి నీటిగుంటలోకీ తొంగిచూసింది.

ఎలుగుల దేశం దాటగానే నిటారు కొండ. జగ్గులు దగ్గరకొచ్చాడు.

"పాపం, వగరుస్తున్నావు సింగారీ. ఆ బెల్లం మూట ఇటివ్వు, నేను మోస్తా."

"మా బావ బంగారం!" అని సింగారే ముడి విప్పి ఇచ్చింది.

అంతే. మూట భుజాన వేసుకుని జగ్గులు కొండ మీదికి లగెత్తాడు. "తొలి విస్తరి నాదే!" అని పైనుంచి అరుపు వినిపించింది.

సింగారికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "పరిగెత్తు గౌరక్కా!"

"నీళ్లు తాగు."

"వాడు ముందు చేరతాడు!"

"చేరనీ. మనం చేరితే చాలు."

మేక వినకుండా ఒక్క మలుపు పరిగెత్తింది. కణతలు టకటక కొట్టుకున్నాయి. నోరు మూసుకుని వెనక్కొచ్చి నీళ్లు తాగింది. ఆ తర్వాత గౌరమ్మ ఆగమన్న చోటల్లా ఆగింది, దిగమన్న చోటల్లా దిగింది.

అలా ఎక్కీ దిగీ జడలబర్రెల పొలిమేర చేరితే, కాపలా బర్రెల పెద్ద జడలయ్య కొమ్ములు అడ్డం పెట్టాడు.

"ఆగండి! మీకు గాలికుంటు రోగమట. ముందొచ్చిన మీ చుట్టమే చెప్పాడు. వెనక్కి పొండి!"

సింగారి వెనక్కి తిరిగి లోయ వంక చూసింది. ఇంత కొండ ఎక్కి వెనక్కి పోవడమా? జడలయ్య వెనకాల బండ మీద జగ్గులు తల పట్టుకుని కూర్చున్నాడు. వీళ్లని చూసి వంకరగా నవ్వాడు.

"వచ్చారా నలుగురూ?"

నలుగురా? ఉన్నది ఇద్దరే! సింగారి తేరిపార చూసింది. జగ్గులు మూతి చుట్టూ తెల్లటి నురగ. బోసి పాదాలు రాళ్లకి కోసుకుపోయాయి. మేక తోక టపటపా ఆడింది.

"అయ్యా, గాలికుంటు వస్తే నోట్లో నురగొస్తుంది కదా? కుంటుతారు కదా?"

"అవును."

సింగారి బండ మీదికి ఎగిరి, గుండ్రంగా తిరిగి, నోరు బార్లా తెరిచింది. "ఉందా నురగ? అక్కా, నువ్వూ తెరువు!"

గౌరమ్మ తెరిచింది. లోపల నెమరు తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు మా బావని నాలుగడుగులు వేయమనండి!"

జగ్గులు లేచాడు. కుంటాడు. అటు పోబోయి ఇటు పోయాడు. జడలయ్య కాళ్ల మీదే కూలబడ్డాడు, నురగతో సహా.

"ఓరి నాయనో! రోగం నీకా!" అని జడలయ్య అంతెత్తున గెంతాడు.

"నక్కలకి గాలికుంటు రాదండీ! గిట్టలున్న వాళ్లకే!" అన్నాడు జగ్గులు.

"ఓహో, వైద్యం కూడా తెలుసే! మరి వీళ్లకుందని కళ్లారా చూశావా?"

"చూశా. నలుగురికీ ఉంది!"

కాపలా బర్రెలన్నీ పొట్టలు పట్టుకుని నవ్వాయి. సింగారైతే నవ్వలేక దొర్లింది. గౌరమ్మ మాత్రం నవ్వలేదు. నక్క కళ్లలోకి చూసింది.

"ఇది గాలికుంటు కాదయ్యా. ఒక్క ఊపున ఎక్కాడు, పల్చటి గాలి తలకెక్కింది. వెంటనే దించండి. లేకపోతే బతకడు." తన గొంగడి తీసి నక్క మీద కప్పింది.

"రోగమైనా అబద్ధమైనా, నా పొలిమేర దాటడు," అన్నాడు జడలయ్య. "అక్కా, వరసకి నువ్వు మా ఆడపడుచువి. దర్జాగా వెళ్లు."

ఇద్దరూ సరస్సు చేరి చూస్తే, తొలి విస్తరి ఎప్పుడో బాతులు ఊడ్చేశాయి. ఎగిరొచ్చిన వాళ్లతో పోటీ ఏంటి? సింగారి సరస్సు ఒడ్డు గడ్డి కడుపునిండా మేసి, పెళ్లికొడుకు ముందు గెంతి గెంతి ఆడింది.

అటు జగ్గుల్ని ఒక జడలబర్రె వీపున కట్టి దించుతున్నారు. కిందికి పోయేకొద్దీ తల తేటపడింది. తల తేటపడేకొద్దీ ఎటు పోతున్నాడో తెలిసి భోరున ఏడ్చాడు.

పక్కవాడి మూటలోంచి బెల్లం కాజేయొచ్చు గానీ, కొండెక్కే దమ్ము కాజేయలేం.