గుంటలో వరద షెడ్డు

ఏటి నడుమ ఒక లంక. లంకలో ఒక వైపు నీళ్లెక్కని ఇసక మెరక, ఇంకో వైపు నీళ్లు వదలని గుంట. వానలకు ముందే జాగ్రత్త పడదామని పంచాయతీ సభ పెట్టారు. ప్రెసిడెంటు నక్క చిట్టిబాబు గొంతు సవరించుకున్నాడు.

"వరదొస్తే అందరూ తలదాచుకోడానికి గుంటలో రేకుల షెడ్డు వేస్తున్నాం."

"మెరక మీద వెయ్యొచ్చుగా?" అంది గేదె పైడమ్మ. పోయినేడు వరద ఆమె దూడను గుంటలోంచే ఎత్తుకుపోయింది. ఇప్పుడు మళ్లీ చూలు.

"మెరక వట్టి ఇసక. షెడ్డు నిలవదు."

మెరకంతా పాకిన నీ పుచ్చపాదులు మాత్రం నిలుస్తాయి కాబోలు అనుకుంది పైడమ్మ. "పోయినేడు ఆ గుంటలో నా వీపు మునిగింది, బాబూ."

"నువ్వు పడుకుని ఉంటావు."

సభంతా నవ్వింది. వార్డు మెంబరు పొట్టేలు తలూపుతూనే ఉంది.

"ఎంత చెప్పినా దున్నపోతు మీద వానే," అన్నాడు నక్క.

"వాన పడ్డ వీపు నాది. అడక్క మానను. లంక కట్టుబాటు తెలుసుగా? ఒకరికి చోటు చూపినవాడు ముందు తన పిల్లల్ని అక్కడ దింపాలి. దింపు!"

"ఓస్, ఇంతేనా!" చినుకైనా లేదన్న ధీమాతో నక్క బొరియ వైపు కేకేశాడు. "ఏమేవ్! పిల్లల్ని తెచ్చి గుంటలో కూచోబెట్టు."

సభ సంగతేమీ తెలియని పెళ్లాం బొరియలోంచి తల బయటపెట్టింది. "నీకు మతిపోయిందా? మొదటి వానకే మునిగే గుంట, పిల్లల్ని అటు పోనివ్వకని నిన్న నువ్వేగా అన్నావు!"

ఎవరూ నవ్వలేదు. పొట్టేలు తల ఊపు ఆగింది. "నేనప్పుడే అనుకున్నా," అని గొణిగింది.

పైడమ్మ లేచి, తిన్నగా మెరకెక్కి, పుచ్చపాదుల మధ్య బరువుగా కూలబడింది.

"షెడ్డు ఇక్కడే. లేపగలిగినవాళ్లు లేపండి."

"నా తీగలు!" అని నక్క మొత్తుకుంటుంటే, ఒక్కొక్కరే వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు.

శ్రావణంలో ఏరు పొంగింది. గుంట ఆనవాలు లేదు. మెరక మీది షెడ్డులో పైడమ్మ దూడ పాలు కుడుస్తోంది. ప్రెసిడెంటు గారు తడిసిన తోకతో చూరు కింద నిలబడి లోపలికి తొంగిచూశారు.

"మీ ఆవిడా పిల్లలూ ఎప్పుడో వచ్చేశారు," అంది పైడమ్మ. "మీరు కాస్త ఆగండి. దూడ తాగనీ."

నీతి: తన పిల్లల్ని దింపలేని చోటు ఊరికి చూపేవాడి మాట చెవిన పెట్టకు, ఎదురు తిరుగు.