తుమ్మలరేవు ఏటి మైల

అనగనగా, రాజులు గుర్రాల మీద, వైద్యులు గాడిదల మీద తిరిగే రోజుల్లో, హేమవతి అనే మహానగరం ఒకటి ఉండేది.

ఆ నగరపు కొసన, ఏటి ఒడ్డున, రంగువాళ్ళ వీధి ఉండేది. రాణిగారి చీరకైనా రథం మీది జెండాకైనా రంగు ఎక్కాలంటే ఆ వీధికి రావలసిందే. కొన్ని ఇళ్ళవాళ్ళు నీలి వేసేవారు, కొన్ని ఇళ్ళవాళ్ళు ఎరుపు, కొన్ని ఇళ్ళవాళ్ళు నలుపు. ఒకరి రంగు జోలికి ఒకరు పోయేవారు కాదు. ఎవరి రంగంటే వారికి ప్రాణం. గుడ్డముక్క చూపిస్తే చాలు, అది ఏ ఇంటి తొట్టిలో మునిగిందో ఇట్టే చెప్పేవారు. కన్నబిడ్డను కూడా అంత తొందరగా గుర్తుపట్టేవారో లేదో మరి.

నలుపు వేసే ఇళ్ళలో కాచన్నది ఒకటి. అతని భార్య బయ్యమ్మ. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో వేసి, కుండల్లో మూతపెట్టి పులియనిస్తే నల్లరంగు తయారవుతుంది. దానిని కసిమి అంటారు. బయ్యమ్మ చేతి కసిమి పడిన గుడ్డ ఎన్ని ఉతుకులకైనా వెలిసిపోదని దేశమంతా చెప్పుకునేవారు.

పేరుంది, చేతినిండా పనుంది. ఇంట్లో నెమ్మది మాత్రం లేదు. వాళ్ళకు ఒక్కగానొక్క కూతురు, మాచక్క. దానికి ఆయాసం. ఆ వీధిలో ఇంటింటా రంగు కాగులు ఉడుకుతూనే ఉంటాయి. పొగ ఆకాశానికి పోక వీధిలోనే కాపురం ఉంటుంది. పడుకుంటే పిల్లకు ఊపిరి ఆడేది కాదు. కూర్చోబెట్టి వీపు నిమురుతూ తెల్లవార్లూ జాగారం చేయడం బయ్యమ్మకు అలవాటైపోయింది.

వైద్యుడు పిల్ల రొమ్ముకు చెవి ఆనించి విన్నాడు.

"ఇంక నా దగ్గర మందు లేదమ్మా. ఈ పొగలో ఉంటే ఈ పిల్ల దక్కదు. గాలి మారాలి," అని చెప్పి లేచిపోయాడు.

కొండకు అవతల తుమ్మలరేవు అని చిన్న పట్నం ఉంది. నగరానికి దగ్గర. నగరపు పొగ అక్కడికి రాదు. మధ్యాహ్నం భోంచేసి బండి కడితే దీపాలవేళకు చేరుకోవచ్చు. నగరంలో పారే ఏరే కొండ చుట్టూ మెల్లగా తిరిగి తిరిగి ఆ ఊరికి కూడా వెళుతుంది.

"అక్కడికి పోదాం మావా," అంది బయ్యమ్మ.

"పోతే పని ఎవరిస్తారు?" అన్నాడు కాచన్న. "ఇక్కడ ముత్తాతల నాటి ఇల్లు, నలుగురెరిగిన పేరు. అక్కడ మనల్నెవరు ఎరుగుదురు?"

"ఒకసారి చూసొద్దాం. చూస్తే పోయేదేముంది?"

రంగువాళ్ళకు నెలకు ఒక్కటే సెలవు, అమావాస్య. ఆ రోజుకల్లా తొట్లన్నీ కడిగి, పాత రంగునీళ్ళు కాలవలోకి వదిలి, తొట్లకు పసుపూ కుంకుమా పెట్టి పని ఆపేస్తారు. కాలవ ఏట్లో కలుస్తుంది. ఆ కడగడానికి కూడా వీధిలో ఒక కట్టుబాటుంది. అమావాస్యకు రెండు రోజుల ముందే నీలివాళ్ళు కడగాలి. ముందురోజు ఎర్రరంగువాళ్ళు. అందరికన్నా చివర, అమావాస్యనాడు, నలుపువాళ్ళు. ఒకరి రంగు ఒకరి రంగుతో కాలవలో కూడా కలవకూడదని పెద్దలు పెట్టిన మర్యాద. పారబోసే నీళ్ళకు ఇంత మర్యాద చేసినవాళ్ళు, అవి ఎక్కడికి పోతాయని ఏనాడూ అడగలేదు.

ఆ అమావాస్యనాడు బయ్యమ్మ తొట్లు కడిగి, పిల్లను తీసుకుని, మొగుడితో కలిసి బండెక్కింది.

తుమ్మలరేవు ఆమెకు నచ్చింది. ఏరు అద్దంలా ఉంది. గాలి చల్లగా ఉంది. రేవు పక్కన పేరమ్మ అనే ముసలావిడ ఇంట్లో రాత్రికి చోటు దొరికింది. అందరూ ఆమెను పేరవ్వ అంటారు. ఆ ఇంట్లోనే కాదు, ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ కుండలు, గోలేలు, ఆఖరికి గిన్నెలు కూడా నీళ్ళు నింపి ఉన్నాయి. ఎంత శ్రద్ధగల ఊరో అని బయ్యమ్మ ముచ్చటపడింది. ఆ రాత్రి మాచక్క దగ్గు కొంచెం తగ్గింది. మర్నాడు తెల్లవారగానే పని ఉందని ముగ్గురూ తిరిగి వచ్చేశారు.

రెండో అమావాస్యకు మళ్ళీ వెళ్ళారు. ఈసారి ఊరిపెద్ద బుక్కన్న ఖాళీగా ఉన్న ఇల్లు చూపించాడు. పెద్ద పెరడు, పక్కనే ఏరు.

"మీలాంటి పనివాళ్ళు వస్తే మా ఊరికీ పేరొస్తుంది. బట్టలు నగరానికి బండిలో పంపుకోవచ్చు," అన్నాడు. కాచన్నకు ఆ మాటతో సగం దిగులు తీరింది.

మూడో అమావాస్యకు మాట ఇచ్చి, తాంబూలం పుచ్చుకుందామని బయల్దేరారు. ఆ రాత్రి మాచక్క ఒక్కసారి కూడా దగ్గకుండా వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. అలా పడుకుని నిద్రపోవడం ఆ పిల్లకు పుట్టాక అదే మొదలు. తెల్లవారింది. బండి కట్టాలి. పిల్లను లేపబుద్ధి కాలేదు తల్లికి.

"నాలుగు రోజులు ఉండి పోదాం మావా. పని ఎక్కడికీ పోదు," అంది. పిల్ల ముఖం చూసి కాచన్న కాదనలేకపోయాడు.

ఎండ కాస్త ఎక్కాక బయ్యమ్మ బిందె తీసుకుని రేవుకు వెళ్ళింది. రేవులో నరమానవుడు లేడు. వెనక నుంచి పేరవ్వ కేకేసింది.

"దిగకు తల్లీ. ఇవాళ్టి నుంచి మూణ్ణాళ్ళు ఏటిని ముట్టుకోకూడదు. ఏరు మైల."

"ఏటికి మైలేమిటవ్వా?"

"ఆడకూతురే కదమ్మా ఏరు కూడా. అమావాస్య వెళ్ళగానే మా ఏరు బయట ఉంటుంది. నీళ్ళ రంగు మారిపోతుంది. అందుకే ముందే నీళ్ళు నింపుకుంటాం. నాలుగోనాడు పసుపూ కుంకుమా చల్లి మళ్ళీ దిగుతాం. మా అమ్మ రోజుల్లో ఇంత ఉండేది కాదు. ఏటేటా తల్లికి బాధ ఎక్కువవుతోంది."

బయ్యమ్మ ఏటివైపు చూసింది. పై నుంచి నీళ్ళు నీలంగా దిగివస్తున్నాయి. ఎక్కడో చూసిన నీలం. మనసు ఎందుకో ఉలిక్కిపడింది. బండిలో, రంగు ఇట్టే పట్టేలా కరక్కాయ నీళ్ళు పట్టించి ఆరబెట్టిన తెల్లగుడ్డ ఉంది. రంగువాళ్ళ బండిలో అది ఎప్పుడూ ఉండేదే. ఒక ముక్క చింపి, కర్రకు కట్టి, ఏట్లో నానేసింది. గుడ్డ నీలమయ్యింది.

రెండోనాడు ఏరు ఎర్రగా వచ్చింది. ఇంకో ముక్క నానేసింది. అది ఎర్రబడింది. ఆ రోజు బయ్యమ్మకు అన్నం సహించలేదు. ఎవరైనా అడిగితే తలనొప్పి అని చెప్పింది.

మూడోనాడు ఏరు నల్లగా వచ్చింది. గుడ్డ నానేయడానికి వంగిన బయ్యమ్మ ముక్కుకు పులిసిన బెల్లం వాసన తగిలింది. ఆ వాసన ఆమె చేతులకు ఎప్పుడూ ఉంటుంది. వంగిన మనిషి అక్కడే కూలబడిపోయింది.

పేరవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వు కూడా పట్టేశావా ఆ వాసన? ఆఖరినాడు తల్లి బెల్లం వాసన వేస్తుంది. నా మనవడు ఆ వాసనకే మోసపోయాడమ్మా. తియ్యగా ఉంటాయేమోనని దోసిళ్ళతో తాగేశాడు. మూడు రోజులు మెలికలు తిరిగి పోయాడు. ముట్టుకోకూడదని చెప్పినా వినలేదు వెధవ. తల్లి ఆగ్రహించింది. తప్పు మా వాడిదే."

బయ్యమ్మ కర్రకు కట్టిన ముక్కను ఏట్లో ముంచి, నల్లబడ్డాక తీసుకుని లేచింది. ఇంటికి వచ్చి మొగుడితో అంతా చెప్పింది.

"చెప్పకు," అన్నాడు కాచన్న. "ఇక్కడికి వచ్చాక మనం ఏట్లో వదలం. గొయ్యి తవ్వుకుందాం. చెప్తే ఇల్లివ్వరు. ఇల్లివ్వకపోతే మళ్ళీ ఆ పొగలోకే. పిల్ల ఎలా నిద్రపోతోందో చూశావు కదా."

"చూశాను మావా. ఆ పిల్లాణ్ణి నేనెప్పుడూ చూడలేదు, అయినా కళ్ళు మూస్తే వాడే కనిపిస్తున్నాడు."

నాలుగోనాడు ఊరంతా రేవులో చేరింది. ఆడవాళ్ళు ఏటికి పసుపూ కుంకుమా చల్లారు. తర్వాత బుక్కన్న తాంబూలం పట్టుకుని కాచన్న ఎదుట నిలబడ్డాడు. కాచన్న చేతులు చాపలేదు. పెళ్ళాం ముఖం చూశాడు. బయ్యమ్మకు పిల్ల మీద ఆశ గుండెను పీకుతోంది. అయినా ముందుకు వచ్చింది.

"ఏటికి మైల లేదయ్యా. ఆ మైల మాది. మేము నగరంలో తొట్లు కడిగి వదిలే నీళ్ళవి. ఆఖరినాడు వచ్చే నలుపు మా ఇంటిది. బెల్లం వేసేది నేనే."

బుక్కన్న తాంబూలం వెనక్కి తీసుకున్నాడు. కొందరు నేల మీది మట్టి తీసి వాళ్ళ మీద పోశారు. పేరవ్వ మాత్రం నెమ్మదిగా దగ్గరికి వచ్చింది.

"అయితే మా వాడు తప్పు చెయ్యలేదన్నమాట," అంది.

"లేదవ్వా."

ముసలావిడ అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ దోషం చేసినవాడి కోసం ఏడవకూడదని ఆపుకున్న ఏడుపు అది.

బయ్యమ్మ కుటుంబం వచ్చిన బండిలోనే తిరిగి వెళ్ళింది. కొండ దాటగానే మాచక్కకు దగ్గు మొదలయ్యింది.

మర్నాడు బయ్యమ్మ వీధివాళ్ళను పందిరి కిందికి పిలిచి, మూడు గుడ్డముక్కలు చాప మీద పరిచింది.

"ఇవి ఎవరి రంగులో చెప్పండి చూద్దాం," అంది.

వీధిపెద్ద కొమ్మన్నది నీలి ఇల్లు. నీలిగుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇది నా తొట్టిదే. ఇంత లోతు నీలి ఇంకెవరికి వస్తుంది?" అన్నాడు మీసం మీద చెయ్యి వేసి.

ఎర్రరంగు దేవన్న కూడా వెనక్కి తగ్గలేదు. "ఈ ఎరుపు మా ఇంటిది. కాదన్నవాడు ముందుకు రావాలి," అన్నాడు.

"ఈ నలుపు నాది," అంది బయ్యమ్మ. "ముగ్గురమూ ఒప్పుకున్నాం. ఈ గుడ్డలు తొట్లో ముంచినవి కావు. తుమ్మలరేవులో, జనం తాగే ఏట్లో ముంచినవి."

పందిరి కింద అందరూ తలలు వంచుకున్నారు. కొమ్మన్న చెయ్యి మీసం మీద నుంచి జారిపోయింది.

"పెద్దలనాటి కట్టుబాటు కదమ్మాయ్. మనమొక్కరమే మారిస్తే ఎలా?" అని గొణిగాడు.

"పెద్దలకు తెలియదు చిన్నాన్నా. మనకు తెలిసింది," అని పేరవ్వ మనవడి సంగతి చెప్పింది.

ఇంక ఆమె ఎవరినీ బతిమాలలేదు. తానూ మొగుడూ పలుగూ పారా పట్టుకుని, ఏటికి దూరంగా, బావులు లేని చవుడు నేలలో గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. అందులో పోసిన నీళ్ళు ఎండకే ఎండిపోవాలి. రెండోనాడు దేవన్న వచ్చాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అందరికన్నా చివర కొమ్మన్న పార భుజాన వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి తవ్వసాగాడు.

అటుపై వచ్చిన అమావాస్యకు ఏరు తేటగానే పారింది. తుమ్మలరేవువాళ్ళు నమ్మలేదు. ఇంకో అమావాస్య వెళ్ళింది. అప్పుడూ నమ్మలేదు. చలికాలం వచ్చింది. పొగ మరీ కిందికి దిగింది. మాచక్క ఎముకల గూడయ్యింది. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నిజం చెప్పి తప్పు చేశానా అని బయ్యమ్మ చాలాసార్లు అనుకుంది. పిల్ల గాలికి నోరు తెరిచినప్పుడల్లా అనుకుంది.

మూడో అమావాస్య వెళ్ళిన తర్వాత, నల్లనీళ్ళు రావలసిన రోజున, పేరవ్వ ఒక్కతే రేవులోకి దిగింది. ఊరంతా ఒడ్డున నిలబడి చూసింది. ముసలావిడ దోసిట్లోకి నీళ్ళు తీసుకుని వాసన చూసింది. తర్వాత తాగింది. రోజు గడిచింది, ఏమీ కాలేదు. ఆమె బండి కట్టించుకుని నగరానికి వచ్చింది.

గుమ్మంలో ఆమెను చూసి బయ్యమ్మ పక్కకు తప్పుకుంది గాని లోపలికి రమ్మనే ధైర్యం చేయలేకపోయింది. పేరవ్వ తానే లోపలికి వచ్చింది. మంచం మీద కూర్చుని ఆయాసంతో రొప్పుతున్న పిల్లను చూసింది.

"సామాన్లు సర్దుకో. ఇల్లు ఊడ్పించి ఉంచాం," అంది.

"మా మీద కోపం లేదా అవ్వా?"

"ఎందుకు లేదు? ఉంది. అది నాతోటే పోతుంది. కాని నువ్వు నోరు విప్పకపోతే నా మనవడు చచ్చి కూడా దోషిగానే మిగిలేవాడు. నువ్వు బట్టలు మూట కట్టు. పిల్లను నేనెత్తుకుంటాను."

బయ్యమ్మ మూట కట్టింది. పేరవ్వ మాచక్కను భుజాన వేసుకుని, వీధిలో పొగ తగలకుండా కొంగు కప్పి, బండి దాకా మోసుకుపోయింది.

బిడ్డలారా, కాపురానికి కొత్త ఊరు వెతుక్కునేవాళ్ళంతా ఆ ఊరు తమకు పడుతుందా అని చూస్తారు; తాము ఆ ఊరికి పడతామా అని కూడా చూసుకున్నవాళ్ళకే అక్కడ నిలిచే చోటు దొరుకుతుంది.