తాతగారి పటం, పెళ్ళివారి ఓడ

అనగా అనగా, సముద్రం ఇప్పటికంటే కాస్త ఇవతలగా ఉన్న రోజుల్లో, గవ్వలరేవు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో పోలయ్య అని ఒక సరంగు. సరంగంటే ఓడ నడిపించే పెద్ద.

పోలయ్యకు తాత ఇచ్చిన ఆస్తి మూడే వస్తువులు. ఒకటి, సముద్రపు దారులన్నీ గీసిన తోలు పటం. రెండోది దిక్సూచి. దాని ముల్లు తుప్పుపట్టి, బొటనవేలితో మొట్టితే తప్ప కదిలేది కాదు. మూడోది ఇసుక గడియారం. అందులో ఇసుక చెమ్మకు గడ్డకట్టి, ఎప్పుడు చూసినా పొద్దున్నే అని చెప్పేది.

తాతంటే పోలయ్యకు ప్రాణం. ఆయన ఒళ్ళో కూర్చుని, ఆ పటం మీద వేలు నడిపిస్తూ పెరిగాడు. అందుకే రేవు పెద్ద పిలిచి, "పోలయ్యా, కొత్త పటాలొచ్చాయి, ఒకటి పట్టుకుపో" అనేసరికి అతనికి కోపం ముంచుకొచ్చింది.

"మా తాత తప్పు గీశాడంటారా?"

"తప్పని ఎవరన్నారయ్యా? పాతదంటున్నాను."

పోలయ్య వినిపించుకోలేదు.

ఒకనాడు అతని ఓడ పెళ్ళివారు ఎక్కారు. పెళ్ళికొడుకు సింహాద్రి, అతని మేనత్త అచ్చియ్యమ్మ, చుట్టాలు, సన్నాయి మేళం, బుట్టలనిండా అరిసెలు. మర్నాడు ఉదయం పగడాలలంకలో ముహూర్తం.

"సరంగు బాబూ, వేళకు చేరుస్తావు కదా?" అంది అచ్చియ్యమ్మ. "ముహూర్తం దాటితే పిల్లను ఇవ్వం అన్నారు. అన్నంత పనీ చేసే మనుషులు వాళ్ళు."

"మా తాత పటం ఉండగా మీకు భయమెందుకమ్మా!" అని పోలయ్య తెరచాప ఎత్తించాడు.

పటం ప్రకారం మొదట తాటిరేవు రావాలి. అక్కడ మంచినీళ్ళు నింపుకోవాలి. ఓడ అటు తిరిగింది. కాసేపటికి అడుగున గరగరమంది. ఇసుకలో కూరుకుని ఆగిపోయింది. ఎదురుగా రేవు లేదు. పుచ్చతోట ఉంది. తోటలోంచి ఒక రైతు కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా! నా తోట మీద ఎద్దులు పడ్డాయి, మేకలు పడ్డాయి. ఓడ పడటం ఇదే మొదలు!"

"ఇది తాటిరేవు. కావాలంటే పటం చూడు" అన్నాడు పోలయ్య.

"మా నాన్న హయాంలోనే సముద్రం వెనక్కి పోయింది. దాన్ని పిలుచుకొస్తావో, ఓడ తోసుకుపోతావో నీ ఇష్టం. తీగలు మాత్రం తొక్కకు."

పెళ్ళివారంతా దిగి, పంచెలు ఎగ్గట్టి ఓడను నీళ్ళలోకి తోశారు. సన్నాయి వాయించేవాళ్ళకూ తప్పలేదు.

"పటం తప్పేం లేదు" అన్నాడు పోలయ్య. "సముద్రమే మాట తప్పింది."

దిక్సూచిని మొట్టి మళ్ళీ బయలుదేరాడు. ఇప్పుడు పటంలో అంతా నడిసముద్రం. కళ్ళెదుట మాత్రం ఒక దీవి! దాని మీద గుడిసెలు, కోళ్ళు, ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఒక ముసలమ్మ.

"అవ్వా! ఇక్కడ దీవి లేదు!" అని అరిచాడు పోలయ్య.

"అయ్యో, నాయనా! మరి ఇన్నాళ్ళూ నేను పొయ్యి ఎక్కడ వెలిగిస్తున్నట్టు?"

"మా పటంలో లేదు!"

"అయితే పక్కకు తిరగడం దేనికి? సూటిగా నా పొయ్యి మీదుగా పో."

ఓడంతా నవ్వింది. పోలయ్య చెవులు ఎర్రబడ్డాయి. దీవి చుట్టూ తిరిగేసరికి పొద్దు వాలింది.

"సాయంత్రమైంది కదా, బాబూ" అంది అచ్చియ్యమ్మ.

"ఇంకా పొద్దున్నేనమ్మా. గడియారం చూడండి."

"నీ గడియారానికి పొద్దున్నే. నా మోకాళ్ళకు సాయంత్రమైంది."

మర్నాడు తెల్లవారేసరికి పగడాలలంక కనిపించింది. ఒడ్డున పెళ్ళిపందిరి, అరటిచెట్లు. సింహాద్రి బాసికం కట్టుకుని ముందుకొచ్చి నిలబడ్డాడు. గాలి జోరందుకుంది. సూటిగా పోతే చిటికెలో చేరిపోవచ్చు. పటంలో అక్కడ ఇరవై బారల లోతు.

కానీ ముందు నీళ్ళు తెల్లగా విరుగుతున్నాయి. పోలయ్య మనసు కీడు శంకించింది. లోతు చూద్దామని సీసపు గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలాడు. రెండు బారలకే గుండు రాయికి తగిలింది.

చేతిలో తాత పటం. ఎదురుగా కుర్రవాడి నవ్వుమొహం.

"లంగరు వెయ్యండి!" అని అరిచాడు.

"అదేమిటి! ఊరు కనిపిస్తోంది కదా!" అన్నాడు సింహాద్రి.

"బాబూ... నాకు దారి తెలియదు."

అచ్చియ్యమ్మ అరిసెల బుట్ట పక్కకు జరిపి ముందుకొచ్చింది. "ఆ మాట పుచ్చతోటలోనే అనవలసింది. పోనీలే, బతికుండగా అన్నావు. తెలిసినవాళ్ళను పిలవరాదూ?"

సన్నాయివాళ్ళు ఊపిరంతా పెట్టి ఊదారు. డోలు మోగింది. ఒడ్డునుంచి గంగన్న అనే జాలరి తెప్ప వేసుకుని వచ్చాడు. ఓడను ఎడమకు తిప్పించి, మెలికలు తిరిగిన సన్నని దారిలో నడిపించాడు. అల ఒకటి దిగినప్పుడు, వాళ్ళు సూటిగా వెళ్ళబోయిన చోట నల్లని రాళ్ళు కోరల్లా బయటపడ్డాయి. అచ్చియ్యమ్మ నోటిదాకా వచ్చిన అరిసె చేతిలోనే ఉండిపోయింది.

"ఈ రాళ్ళు మా తాత పటంలో లేవే!" అన్నాడు పోలయ్య.

"పోయిన తుఫానుకు కొండకొమ్ము విరిగి పడిందయ్యా. అంతకుముందు ఇక్కడ లోతే."

"అయితే మా తాత తప్పు గీయలేదన్నమాట!"

"గీయలేదు. కానీ ఈ పూట ఓడలో ఉన్నది ఆయన కాదు కదా, నువ్వు."

పోలయ్య గంగన్న చెయ్యి చూపిన వైపుకు చుక్కాని తిప్పాడు.

పురోహితుడు "పెళ్ళికొడుకేడీ?" అని రెండోసారి కేక వేస్తుండగా సింహాద్రి నీళ్ళలోకి దూకి, తడిపంచెతోనే పందిట్లోకి పరుగెత్తాడు. ముహూర్తం దాటకుండా తాళి కట్టాడు. ఆ తడిపంచె చూసి పెళ్ళికూతురు కిసుక్కున నవ్వింది.

విందు అయ్యాక పోలయ్య గంగన్నను పక్కన కూర్చోబెట్టుకుని, బొగ్గుముక్కతో ఆ రాళ్ళను పటంలో గీయడం మొదలుపెట్టాడు. తాత గీతల మీద మొదటి గీత గీసేముందు పటాన్ని ఒకసారి కళ్ళకద్దుకున్నాడు. రెండో గీతకు ఆగలేదు. అప్పటినుంచి ఏ రేవుకు పోయినా ముందు అక్కడివాళ్ళను దారి అడిగి మరీ ఓడను లోపలికి తెచ్చేవాడు.

కనుక పిల్లలూ, పెద్దలు చూపిన దారి మీద ఎంత ప్రేమ ఉన్నా, అడుగు వేసేముందు మన కళ్ళతో చూసుకోవాలి. తెలియనిచోట తెలియదని ఒప్పుకుని అడిగినవాడే క్షేమంగా ఒడ్డు చేరతాడు.