ఏదుళ్లగొంది ముసలి బ్యాటరీలు

అనగనగా ఒక కొండ. ఆ కొండకు కరెంటు తీగ ఎక్కలేదు. ఆ కొండ ఒడిలో ఏదుళ్లగొంది అని ఒక చిన్న ఊరు. బండి దారి లేదు, గోదారి మీద పడవ దారి ఒక్కటే.

ఆ ఊరికి వెలుగిచ్చేది సూర్యుడే. ఊరి పైన చదును బండ మీద సోలార్ పలకలు పరిచి ఉండేవి. పక్కనే రేకుల గదిలో బ్యాటరీలు వరసగా ఉండేవి. పగలు పలకలు పట్టిన ఎండను బ్యాటరీలు దాచుకునేవి, పొద్దుగూకాక ఇంటింటికీ పంచిపెట్టేవి. దీపాలే కాదు, ఊరి ఆరోగ్య కేంద్రంలో ఒక ఫ్రిజ్జు ఉండేది. పసిబిడ్డల టీకాలు, పాముకాటు మందు అందులోనే. ఆ చల్లదనం కూడా బ్యాటరీల పుణ్యమే.

వాటిని చూసుకునే పని పండమ్మది. బిగించడానికి వచ్చినవాళ్లు ఆమెకు మూడు మాటలు చెప్పి వెళ్లారు.

"నీళ్లు తగ్గనివ్వకు. చిలుము పట్టనివ్వకు. అడుగంటా తోడనివ్వకు."

ఆ మూడు మాటలనూ పండమ్మ మొక్కుల్లా పాటించింది. లోపలి నీళ్లు గీత కిందికి దిగితే పట్నం నుంచి తెప్పించిన బ్యాటరీ నీళ్లే పోసేది, ఊట నీళ్లు చుక్క పడనిచ్చేది కాదు. తీగలు కలిసేచోట తెల్లగా చిలుము పూస్తే కడిగి, తుడిచి, వాసెలిన్ రాసేది. పెళ్లికి మైకుసెట్టు పెడతామని ఎవరొచ్చినా, "జనరేటరు తెచ్చుకోండి" అని పంపేసేది.

ఏళ్లు గడిచాయి. చుట్టుపక్కల కొండల మీద బ్యాటరీలు ఒకటొకటే మూలపడ్డాయి. ఏదుళ్లగొందిలో మాత్రం దీపం ఆరలేదు. "పండమ్మ చేతిలో బ్యాటరీకి చావు లేదు" అని జనం చెప్పుకునేవారు. సంతకు వెళ్తే పక్క ఊళ్లవాళ్లు కూడా ఆ మాటే అనేవారు. ఆ మాట ఆమె చెవికి తియ్యగా ఉండేది.

ఒక ఏడు వానాకాలంలో, కోడి కూయకముందే దీపాలు ఎర్రబడసాగాయి. "ఎండ లేదు కదా" అన్నారంతా. పండమ్మా అలాగే అనుకుంది. కాని వానలు వెళ్లి ఎండ కాసినా దీపాలు తేరుకోలేదు.

ఆమె గది తలుపు వేసుకుని నీళ్లు చూసింది. నిండుగానే ఉన్నాయి. చిలుము చూసింది. లేదు. చివరికి లోపలి ఆమ్లం బలం చూసే గాజు గొట్టం దించింది. గొట్టంలో పైకి తేలవలసిన గాజు బుడ్డి అడుక్కి జారింది. ఒక్కదానిలో కాదు, అన్నిటిలోనూ అంతే. గొట్టం కడిగి మళ్లీ చూసింది. మళ్లీ అదే.

బ్యాటరీలు ముసలివైపోయాయి. ఎవరి తప్పూ లేదు, వాటి కాలం తీరింది.

ఆ సంగతి ఊరి పెద్దకాపు బాపిరెడ్డికి చెప్పాలి. గడప దాకా వెళ్లింది కూడా. కాని 'నీ చేతిలో చావు లేదు' అన్న నోళ్లే రేపు 'నీ చేయి చెడింది' అంటాయేమోనని గుబులు పుట్టింది. వెనక్కి వచ్చేసింది.

మళ్లీ నాలుగు రోజులు మబ్బు కమ్మితే, మొదట ఇల్లిల్లూ తిరిగి, "మబ్బు పడుతోంది, పెందరాళే దీపాలు ఆపేయండి" అని చెప్పింది. మబ్బు విడిచాక ఆ సాకు చెల్లలేదు.

తర్వాత, పలకలకు దుమ్ము పట్టిందంటూ ఊరంతా చూస్తుండగా వాటిని కడిగింది. అవి అప్పటికే అద్దాల్లా ఉన్నాయి.

మూడోసారి, తన మేకపోతును పడవ శరభయ్యకు ఇచ్చి, పట్నం నుంచి ఒక కొత్త బ్యాటరీ తెచ్చిపెట్టమంది.

శరభయ్య తెచ్చి దించాడు. "అమ్మా, అన్నీ ముసలివైతే ఒక్కటి మార్చి లాభం లేదన్నాడు దుకాణంవాడు. మారిస్తే అన్నీ కలిపే మార్చాలంట."

"నాకు ఒక్కటి చాలు. ఈ సంగతి ఎక్కడా అనకు" అంది పండమ్మ.

అన్నిటికన్నా నీరసించినదాన్ని తీసేసి, దాని చోట కొత్తదాన్ని పెట్టింది. కొన్నాళ్లు దీపాలు కళకళలాడాయి. ఆ తర్వాత మునుపటికన్నా మసకబారాయి. ముసలి ఎద్దుల నడుమ కోడెను కట్టినట్టయింది. మిగతావి మొయ్యలేని బరువంతా దాని మెడ మీదే పడింది. ముసలివాటికి బలం రాలేదు సరికదా, కొత్తది కూడా చతికిలబడింది.

ఒక ఉదయం నర్సు సువార్త ఫ్రిజ్జు తెరిచేసరికి మందులు వెచ్చగా తగిలాయి. ఆమె పండమ్మ ఇంటికి వచ్చింది.

"అక్కా, కరెంటేమైనా ఆగిందా? మందులన్నీ చెడిపోయాయి. కొత్తవి పంపమని కబురు పెట్టాను."

"నాకు తెలీదే నర్సమ్మా" అంది పండమ్మ.

మబ్బు సాకు సగం అబద్ధం. ఇది నిండు అబద్ధం.

కొత్త మందులు ఇంకా రాలేదు. ఈలోగా అడ్డాకులు కోస్తున్న బాపిరెడ్డి కోడలు రాజులమ్మను పాము కరిచింది. ఊళ్లో మందు లేదు. ఆమెను పడవలో పడుకోబెట్టి పట్నం ఆసుపత్రికి పంపారు. పడవ మలుపు తిరిగి కనుమరుగైనా ఒడ్డున ఎవరూ కదల్లేదు. మర్నాడు కబురొచ్చింది. ప్రాణం దక్కింది, కాలు వాపు మాత్రం తగ్గలేదు, ఇంకా చాలాకాలం ఆసుపత్రిలోనే ఉండాలి.

ఊరంతా పెద్దకాపు వాకిట్లో పోగైంది. మందు ఎందుకు చెడిందన్న మాట వచ్చింది.

"ఫ్రిజ్జు తలుపు సరిగా వేసి ఉండదు."

"మన ఊరి మనిషైతే ఇంత అశ్రద్ధ చేసేదా?"

"నేను వేసే ఉంచాను" అంది సువార్త. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

బాపిరెడ్డి కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. "ఈ నర్సు మాకొద్దని పై ఆఫీసులో చెప్తాను" అన్నాడు.

సువార్త తల దించుకుంది. పండమ్మ గుంపు వెనక నిలబడి ఉంది. నోరు మెదపకుంటే తన పేరు తనకు దక్కుతుంది. అయినా గుంపును తప్పించుకుని ముందుకు వచ్చింది.

"పెద్దకాపా, ఆగు. నర్సమ్మ తప్పు లేదు. బ్యాటరీలు ముసలివైపోయాయి. నాకు వానలు వెళ్లినప్పుడే తెలుసు. పేరు పోతుందని దాచాను."

కొత్త బ్యాటరీ సంగతి, మబ్బు సాకు, అన్నీ చెప్పేసింది.

బాపిరెడ్డి ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నా కోడలు ఆ పడవలోనే పోయుంటే, అప్పుడు కూడా చెప్పేదానివా?"

"అప్పుడు చెప్పగలిగేదాన్నో లేదో నాకే తెలీదు. అందుకే ఇప్పుడు చెప్తున్నా. గది తాళంచెవి తీసుకో."

బాపిరెడ్డి చెయ్యి చాపలేదు. "బ్యాటరీ ముసలిదవడం నీ తప్పు కాదు. దాచడం నీ తప్పే. చావు లేదు చావు లేదు అని పొగిడి, నిజం చెప్పే దారి మూసింది మేము. అది మా తప్పు. తాళంచెవి నీ దగ్గరే ఉండనీ. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"కొత్తవి వచ్చేదాకా దీపాలన్నీ ఆపి ఫ్రిజ్జుకే కరెంటు ఇద్దాం. పాతవి ఏట్లో పారేస్తే నీళ్లు విషమవుతాయి, దుకాణానికే తిరిగి ఇద్దాం, ధర కాస్త తగ్గిస్తారు. కొత్తవి మాత్రం అన్నీ ఒక్కసారే పెట్టాలి."

ఊరు కిరోసిన్ బుడ్లు వెలిగించుకుంది. ఇంటికింత చొప్పున చింతపండు, కొండచీపుర్లు తెచ్చి శరభయ్య పడవకెత్తారు. పడవ తిరిగి వచ్చింది కొత్త బ్యాటరీలతో. పండమ్మ మేకపోతునిచ్చి కొన్నదాన్ని వాటితో కలపలేదు. విడిగా ఒక చిన్న పలక పెట్టి, పడవల రేవులో దీపానికి వాడారు.

పండమ్మ సువార్త దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుంది. "నా కోపం ఇంకా పోలేదక్కా" అంది సువార్త. "అయినా లోపలికి రా. ఫ్రిజ్జు తీగ ఒకసారి చూసిపో."

అప్పటినుంచి ఊళ్లో ఒక కట్టుబాటు ఏర్పడింది. ఏటా కొత్తల పండగనాడు, కొత్త పంట ముట్టుకునే ముందు, పండమ్మ అందరిలో నిలబడి గాజు గొట్టం ఏం చెప్పిందో చెప్పాలి. ప్రతి ఇల్లూ తన చింతపండులో కొంత బ్యాటరీల పాలుగా పక్కన పెట్టాలి.

ఏళ్లు గడిచాక ఒక పండగనాడు ఆమె లేచి నిలబడింది. "ఇవి అలిసిపోతున్నాయి. వచ్చే వానలకు వీటిని నమ్మలేం" అంది. ఎవరూ పొగడలేదు, ఎవరూ తప్పుపట్టలేదు. దీపాలు ఎర్రబడకముందే అన్నిటినీ మార్చేశారు.

ఆ వానల్లోనే పొలం గట్టున ఒకతన్ని పాము కరిచింది. సువార్త ఫ్రిజ్జు తెరిచింది. మందు చల్లగా ఉంది. కొన్నాళ్లకే అతను తన కాళ్ల మీద తానే నడిచి పొలానికి వెళ్లాడు.

అరిగిపోవడం ఏ వస్తువుకైనా సహజం. అరిగిందని వేళకు చెప్పడమే దాన్ని కాచేవారి ధర్మం.