చేతులున్న దిండు గలేబు

మంగతాయారు ఆ రోజు పడవ దిగడమే కోపంగా దిగింది.

గోదావరి లంకలో కొబ్బరిచెట్ల మధ్య ఒక తాటాకు ఆశ్రమం. అందులో ఉండే పెద్దాయన్ని అందరూ లంకస్వామి అనేవారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో! ప్రతి ఏకాదశికీ వెళ్ళి ఆయన చెప్పే నాలుగు మాటలు వినడం పెళ్ళయిన కొత్త నుంచీ ఆమెకి అలవాటు. నిజం చెప్పాలంటే ఆయన నాలుగు మాటలు చెప్పడం కూడా అరుదే.

మంగతాయారు లేసు అల్లికలో పేరున్న మనిషి. కొక్కెపు సూదీ నూలుదారం పట్టుకుంటే చాలు, కబుర్లు చెబుతూనే పువ్వులు పూయించేది. వెనక్కి తిప్పి చూసినా ఆమె పనిలో వంక దొరకదని ఊళ్ళో అనుకునేవారు. ఆ మాట చెవిన పడితే వినపడనట్టు మొహం పెట్టి, రెండోసారి కూడా అనిపించుకునేది.

ఆమె ఒక్కగానొక్క కూతురు కుసుమ తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఇంక అమ్మమ్మ కాబోయే మనిషి చేతులు ఊరుకుంటాయా? మల్లెపువ్వులాంటి నూలు తెచ్చి, పసిబిడ్డకి గౌను అల్లడం మొదలుపెట్టింది. ఒళ్ళంతా పువ్వులు, అంచంతా మొగ్గలు.

అయితే బిడ్డ పుట్టకముందే కొత్తబట్టలు కుట్టకూడదంటారు కదా. అందుకని అది ఏమిటని ఎవరడిగినా "దిండు గలేబు" అనేది. ఆ మాట ఇంట్లో ఎంత పాతుకుపోయిందంటే, కుసుమ కూడా "అమ్మా, గలేబుకి ఎడంచెయ్యి అయిందా?" అని అడిగి, అటు తిరిగి నవ్వుకునేది.

గౌను పూర్తయింది. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే పువ్వులు లేచి నిలబడ్డాయి. సరిగ్గా ఆ వారంలోనే అల్లుడు ఒక పొట్లం పట్టుకొచ్చాడు.

"మా అమ్మ పొత్తిళ్ళకి పంపిందండి అత్తయ్యగారూ. నన్ను ఇందులోనే పెంచిందంట," అన్నాడు.

విప్పి చూస్తే ఒక పాత నూలు చీర. ఒకప్పుడు చిలకపచ్చ అయ్యుండాలి. ఉతికి ఉతికి రంగు ఏ కాలవలో కలిసిపోయిందో, అంచు ఎక్కడుందో వెతుక్కోవాలి.

అల్లుడి ముందు మంగతాయారు నవ్వుమొహం పెట్టింది. కాఫీ ఇచ్చింది, పాలకోవా పెట్టింది. అతను వీధి మలుపు తిరిగాక చీర తీసి అటక మీద పడేసింది.

"మనింట్లో గుడ్డకి కరువొచ్చిందనుకుందా మీ అత్తగారు?"

"ఆవిడ ప్రేమగానే పంపిందమ్మా."

"ప్రేమైతే కొత్తది పంపేది. ఆదివారం మీ ఆయనొస్తాడుగా, ఆయన చేతే తిప్పి పంపించేస్తాను."

నెలలు నిండిన పిల్ల, అన్నం సగంలో వదిలేసి లేచి గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడూ అంతే. అటు అత్తగారు, ఇటు అమ్మ. పుట్టబోయే బిడ్డ ఎవరి గుడ్డలోకి రావాలో తేలక, మధ్యలో తల్లి నలిగిపోతోంది. అది మంగతాయారుకి కనిపించకపోలేదు. కనిపించినకొద్దీ కోపం వియ్యపురాలి మీద ఇంకా పెరిగింది. స్వామి ఒక్కసారి "ఊఁ" అంటే చీర తిప్పి పంపడానికి ధైర్యం వస్తుందని, గౌను సంచిలో పెట్టుకుని పడవెక్కింది.

స్వామి అప్పుడే భోజనం ముగించి అరుగు మీద కూర్చున్నారు. ఆశ్రమంలో వంట చూసే సుభద్రమ్మ ఓ పక్కన గోంగూర ఒలుస్తోంది.

"స్వామీ, ఓ ధర్మసందేహమండి."

"ధర్మసందేహమా, కోపమా?"

"రెండూనండి," అంది మంగతాయారు దణ్ణం పెడుతూ. చీర సంగతంతా ఏకరువు పెట్టింది. "మొదటి మనవసంతానమండి. ఒంటిమీద పడే మొదటి గుడ్డ ఆ పాత చీరా? నా చేతులేమన్నా పడిపోయాయా? తిప్పి పంపించెయ్యమంటారా?"

"నీ చేతిపని ఏదీ, చూపించు."

ఆ మాట కోసమే కాచుకుని ఉంది. సంచిలోంచి గౌను తీసి రెండు చేతులతో అందించింది. గోంగూర ఒలిచే సుభద్రమ్మ చెయ్యి ఆగిపోయింది. మెడ ఇంత పొడుగు చేసుకుని చూస్తోంది.

"అదేంటి తాయారమ్మా?"

పుట్టని బిడ్డకి గౌనని చెప్పకూడదు. ఇన్ని నెలల అలవాటున్న నాలుక తన పని తాను చేసేసింది.

"దిండు గలేబు," అంది మంగతాయారు.

స్వామి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మెడ దగ్గర చూశారు. రెండు చిన్న చేతులూ పట్టుకుని పైకెత్తి చూశారు.

"చేతులున్న గలేబు," అన్నారు. "మంచిదే. భోంచేశాక నాకు నిద్ర ఆగదు."

పక్కనున్న పై పంచె మడిచి గౌనులో కూరారు. అరుగు మీద పెట్టి, దాని మీద బుగ్గ ఆనించి, పక్కకి ఒత్తిగిలి కళ్ళు మూసుకున్నారు.

"స్వామీ!"

"ఊఁ?"

"... ఏం లేదండి."

ఏమని చెబుతుంది? సుభద్రమ్మ ఎదురుగా తన నోటితో తనే అంది. స్వామి నిద్రపోయినంతసేపూ ఆమె పక్కనే కూర్చుని, ఆయన నోట్లోంచి చొంగ కారకుండా చూడమని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంది. ఇన్నేళ్ళుగా ఆశ్రమానికి వస్తోందిగానీ అంత ఏకాగ్రతగా దేవుణ్ణి తలుచుకోవడం అదే మొదలు.

పడవ వెళ్ళే వేళకి స్వామి లేచి కూర్చున్నారు.

ఆయన కుడిబుగ్గ మీద లేసు మొత్తం దిగింది. రేకులు, రేకుల మధ్య వల, అంచు మొగ్గలతో సహా, ఎర్రగా.

ముందు మంగతాయారుకి గర్వమే కలిగింది. ఎంత స్పష్టంగా పడింది పని! ఒక్క రేకూ చెదరలేదు. ఆ తర్వాత పువ్వుల కింద ఉన్న బుగ్గ కనిపించింది.

"ఏంటమ్మా అలా చూస్తున్నావు?"

"బుగ్గ మీద పువ్వులు దిగాయండి. ఎర్రగా..."

స్వామి చేత్తో బుగ్గ తడుముకున్నారు.

"పోతాయిలే. నాది ఎనభై ఏళ్ళ తోలు."

పంచె బయటికి లాగి, గౌను దులిపి, మడిచి ఆమె చేతిలో పెట్టారు. "గలేబు బాగుంది," అని చెప్పి మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. చీర సంగతి ఆయన ఎత్తలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే అటక మీంచి చీర దింపింది. నేల మీద మడతగా పరిచి, దాని మీద బుగ్గ పెట్టి పడుకుంది. ఎన్ని వందల ఉతుకులు తిన్నదో ఆ నూలు, బుగ్గ కింద ఉందో లేదో తెలియలేదు. ఎండవాసన వేసింది. ఎప్పుడూ సరిగ్గా మాట్లాడని వియ్యపురాలు, ఇన్నేళ్ళూ ఈ చీరని పారెయ్యకుండా ఎందుకు దాచుకుందో అప్పుడు అర్థమై కళ్ళు చెమర్చాయి.

కుసుమ గది గుమ్మంలోకి వచ్చి కంగారుపడింది. "అమ్మా! ఏమైంది?"

మంగతాయారు తలెత్తింది. "ఇలా రా. నా బుగ్గ మీద ఏమన్నా పడిందేమో చూడవే."

"ఏం లేదమ్మా."

"ఏం లేదు కదూ?"

"ఏం లేదు."

"అదే మరి!" అంటూ మంగతాయారు నవ్వేసింది. కుసుమకి ఏమీ అర్థం కాకపోయినా, అటక దిగిన చీరని చూసి ప్రాణం లేచొచ్చింది. పొట్ట పట్టుకుని ఆపసోపాలు పడుతూ కూర్చుని, తనూ ఓ పక్కన బుగ్గ ఆనించింది. ఆ రాత్రి మారు అన్నం అడిగి పెట్టించుకుంది.

ఆదివారం అల్లుడొస్తే మంగతాయారు ఒకటే మాట చెప్పింది. "మీ అమ్మగారిని కాన్పుకి ముందుగానే వచ్చి ఉండమన్నానని చెప్పండి."

ఈలోగా చీరలో సగం పొత్తిళ్ళకి ఉంచి, పాతగుడ్డే కాబట్టి దోషం లేదని మిగతా సగం చిన్న చొక్కాలకి కత్తిరించింది. గుండీలు పెట్టలేదు, నాడాలే. మొదటి చొక్కా కుట్టి చూసుకుంది. అలవాటు ప్రకారం కుట్లూ ముళ్ళూ అన్నీ లోపలికి దాచింది. బయటికి చూస్తే అద్దంలా ఉంది. మురిసిపోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు లోపలికి వేలు పెట్టి తడిమింది. కుట్టు గరుకుగా తగిలింది.

విప్పేసింది. చొక్కాని తిరగేసి, కుట్టూ ముడీ పైకి వచ్చేలా, నున్నటి వైపంతా లోపలికి పోయేలా మళ్ళీ కుట్టింది. చూసేవాళ్ళకి ఒక్క మంచి కుట్టు కూడా మిగల్లేదు. ఆమె జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ కుట్టలేదు.

ఆస్పత్రిలో నర్సు తలుపు తీసి, "మగపిల్లాడు! గుడ్డ పట్టండమ్మా," అంది.

మంగతాయారు చీరముక్కని వియ్యపురాలు రాఘవమ్మ చేతుల్లో పెట్టింది. "మీరే పట్టండి వదినగారూ."

రాఘవమ్మ ఆ చీర అంచు వెతికి పట్టుకుని చేత్తో నిమిరింది. "అయ్యో, మీ అమ్మాయి బిడ్డ. ముందు మీరే అందుకోవాలి వదినగారూ," అంది.

"అబ్బే, మీ ఇంటి వారసుడు."

"మీ ఇంటి కాన్పు కదండీ."

"ఎవరో ఒకళ్ళు పట్టండమ్మా," అంది నర్సు. "నా చేతులు నెప్పెడుతున్నాయి!"

ఇద్దరూ నవ్వుతూ చెరో కొసా పట్టుకున్నారు. పిల్లాడు మధ్యలో పడ్డాడు. పడుతూనే ఏడుపు మానేశాడు.

గౌను సంగతి అడుగుతారేమో. మంగతాయారు దాని కుట్లు విప్పి, ఉయ్యాల పక్కన కిటికీకి తెరలా కట్టింది. పొద్దున ఎండొచ్చినప్పుడు పువ్వుల నీడలన్నీ పిల్లాడి బుగ్గ మీద పడి కాసేపు ఆడుకుని, ఎండతో పాటే వెళ్ళిపోయేవి. చూడవచ్చిన వాళ్ళు "ఈ తెర ఎంత బాగుందో!" అంటే, "తెర కాదండి, దిండు గలేబు," అనేది కుసుమ.

బారసాల అయ్యాక అమ్మమ్మా నాయనమ్మా కలిసి పిల్లాణ్ణి తీసుకుని పడవలో లంకకి వెళ్ళారు. స్వామి అరుగు మీదే ఉన్నారు. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టించుకున్నారు. వాడు చొక్కా చేతికి బుగ్గ రుద్దుకుని, పెద్దగా ఆవలించి, అక్కడికక్కడే నిద్రపోయాడు.

సుభద్రమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. వంగి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదేం చోద్యం తాయారమ్మా! అంత పనిమంతురాలివి, పిల్లాడికి చొక్కా తిరగేసి తొడిగావేంటి? కుట్లన్నీ పైకే ఉన్నాయి!"

మంగతాయారు నోరు తెరిచింది. చెప్పడానికి చాలా ఉంది. స్వామి వైపు చూసి మళ్ళీ మూసుకుంది.

స్వామి పిల్లాడి నాడా సర్దారు.

"తిరగబడిందో, తిన్నగా ఉందో, లోపలున్నవాణ్ణి అడుగు సుభద్రమ్మా," అన్నారు.