తెల్లపళ్ళ దెయ్యం

పక్కలు సర్దుకున్నారా? కాళ్ళు దుప్పట్లో పెట్టు లోహీ, దోమలు పీక్కుతింటాయి. మన్వీ, ఊ కొట్టే పని నీది. నువ్వు ఆపితే నేనూ ఆపేస్తా, ఆనక నన్ననొద్దు.

అనగనగా, అనగనగాకి కూడా అవతల, ఒక ఊరు. చుట్టూ రాళ్ళే గనక రాళ్ళూరందాం. ఆ ఊరికి ఒకటే బావి. నీళ్ళు అద్దంలా ఉండేవి. ఉంటే ఏం లాభం? ఆ నీళ్ళు తాగిన పిల్లలకి పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు పచ్చగా, గోధుమరంగు చారలతో వచ్చేవి. పడుచువాళ్ళకి మోకాళ్ళు పట్టేసేవి. నడివయసుకే నడుములు కొడవళ్ళల్లే వంగిపోయేవి.

నడుములెందుకు వంగాయి? నీళ్ళ వల్ల. నీళ్ళెందుకు చెడ్డాయి? దెయ్యం వల్ల. దెయ్యమెందుకొచ్చింది? దిబ్బ వల్ల. దిబ్బెందుకయింది? ఎముకల వల్ల. ఊరికి పడమటి వైపున చచ్చిన గొడ్లని పారేసే చోటొకటి ఉందిలెండి. ఎవర్నడిగినా ఇదే పాఠం, ఎవరూ అక్షరం మార్చరు.

ఆ ఊళ్ళో కుమ్మరి కోటప్పని కట్టుకుని ఆ ఇంటికి కోడలై వచ్చింది నాంచారి. పొరుగూరి పిల్ల. ఆ పిల్లకో జబ్బు. ఏది చూసినా ఎందుకు అంటుంది. ఈ పాఠం విని, మరి ఆ గొడ్లెందుకు చచ్చాయత్తా అనడిగింది. అత్త అంకమ్మ, చావక ఉట్టికట్టుకుని ఊగుతాయా, ముందు ఆ పిండి విసురు అంది. అంకమ్మ నడుమప్పటికే సగానికి వంగిపోయింది. మనిషి మొహం చూడాలంటే మెడ ఎత్తి, పక్కకి తిప్పి చూడాలి. నోరు మాత్రం వంగలేదు.

ఊ కొడుతున్నావా? సరే.

నాంచారికి సీతాలని కూతురు పుట్టింది. ఆ పిల్లకి ముందరి పాలపళ్ళు ఊడి, కొత్తవి చారలతో వచ్చాయి. కొన్నాళ్ళకి కింద కూచుంటే గోడ పట్టుకునిగాని లేవలేకపోయింది. అమ్మా కాళ్ళు నొప్పి అంటే నాంచారి రోజూ ఆముదం రాసేది. రాస్తూ ఆ పిల్ల కాళ్ళకేసి చూసేది, అరుగుమీద అత్త నడుంకేసి చూసేది. చూసి లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకునేది.

ఒకరోజు మొగుడూ పెళ్ళాం మట్టి కోసం పడమటి వైపు పోయారు. మిట్టమధ్యాహ్నం. దిబ్బ పక్కన ముళ్ళచెట్ల చాటు నుంచి దెయ్యం వచ్చింది. జుట్టు విరబోసుకుని, చంకలో కడవ పెట్టుకుని, నిటారుగా, తాటిచెట్టల్లే నడుచుకుంటూ వచ్చింది. వచ్చి వీళ్ళని చూసి నవ్వింది. కోటప్ప తట్ట పడేశాడు, పార పడేశాడు, తలపాగా పడేశాడు, పెళ్ళాన్ని కూడా అక్కడే వదిలేసి లగెత్తాడు. నాంచారికి కాళ్ళాడలేదు. పారిపోలేకపోయింది గనక చూసింది. చూసింది గనక ఒకటి కనిపెట్టింది. దెయ్యం పళ్ళు మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి.

ఇంటికొచ్చాక ఇక అదే ఆలోచన. సంకటి కలుపుతూ అత్తనడిగింది.

"అత్తా, దెయ్యం ఏం తాగుద్ది?"

"రక్తం."

"రక్తం తాగితే పళ్ళు ఎర్రగా ఉండాలి గదా? తెల్లగా ఉన్నాయేంది?"

అంకమ్మ, సంకటి మాడుతోంది చూసుకో అంది.

మర్నాడు నాంచారి ఒక్కతే పోయింది. ముళ్ళచెట్ల వెనక చిన్న గుడిసె. గుడిసెలో పొయ్యి, పొయ్యి ముందు దెయ్యం కూచుని చింతచిగురు ఏరుకుంటోంది. దెయ్యాలు చింతచిగురు తింటాయా? తినవు. అదీ మనిషే. పేరు పేరంటాలు. పడుచుగా ఉండగా అమ్మవారు పోసి మొగుడు పోయాడు. ఈమెక్కూడా పోసింది. ఊరికి అంటుకుంటుందని తీసుకొచ్చి దిబ్బ దగ్గర వదిలేశారు. చచ్చిందనుకున్నారు, ఈమె చావలేదు. తిరిగి వస్తే దెయ్యమైందని రాళ్ళు రువ్వారు. ఇక ఊళ్ళోకి పోలేదు.

"అవ్వా, నువ్వు ఏ నీళ్ళు తాగుతావు?" అని అడిగింది నాంచారి.

"మీ బావి నీళ్ళేనమ్మా. ఎవరూ లేవకముందే వచ్చి చేదుకుంటా."

"మరి నీ నడుం వంగలేదే?"

పేరంటాలు నవ్వి ఒక కుండ మీద మూత తీసింది. అడుగున నల్లగా బొగ్గులున్నాయి. వానాకాలం నీళ్ళు వాసనొస్తే వాళ్ళమ్మ కడవలో బొగ్గులు వేసేదట. ఇక్కడ కట్టె దొరకదు, ఎముకలకి కొదవ లేదు. అందుకని ఎముకలే కుండలో పెట్టి, మూకుడు బోర్లించి, సందుల్లేకుండా మట్టి మెత్తి, కుండ చుట్టూ పిడకలు పేర్చి కాల్చింది. బూడిద కాలేదు, నల్లటి బొగ్గయ్యాయి. వాటిని బాగా కడిగి, నీళ్ళలో వేసి ఉంచి, ఆ నీళ్ళే తాగుతూ వచ్చింది. ఏటా వానలు తగ్గాక పాతవి తీసేసి కొత్తవి కాల్చుకునేది.

అదెట్టా పనిచేస్తుందవ్వా అంటే, నాకేం తెలుసమ్మా, నేను వాసన పోవాలని వేశా అంది.

నాంచారి ఒక ముక్క చేతిలోకి తీసుకుని విరిచింది. లోపలంతా చిల్లులు. చిల్లులో చిల్లు, ఆ చిల్లులో ఇంకా సన్న చిల్లు. తేనెపట్టు చూశారుగా, అట్టా. నాలిక మీద పెట్టుకుంటే అతుక్కుపోయింది, పీకితేగాని రాలేదు. నాలిక తడినే ఇంత గట్టిగా పట్టుకుందే, నీళ్ళలో కంటికి కనపడని పాడుని పట్టుకుని ఈ గదుల్లో దాచేస్తోందేమో అనుకుంది. గదులు నిండితే ఇక పట్టదు, అందుకే అవ్వ కొత్తవి వేస్తోంది. అనుకోవడమే, తేలాలంటే తాగి చూడాలి. ముందు తనే ఆ నీళ్ళు తాగింది. చాన్నాళ్ళు తాగింది, ఏమీ కాలేదు. అప్పుడు సీతాలుకి పోసింది.

అత్తకి దాచలేదు. అంకమ్మ ఆ నల్ల బొగ్గులేంటని అడిగితే ఎముకలని చెప్పేసింది. అంకమ్మ కర్ర తీసుకుని కుండ పగలగొట్టింది. నాంచారి ఇంకో కుండ పెట్టింది, అత్త పగలగొట్టింది. కోటప్ప ఇంకోటి చేశాడు, నాంచారి పెట్టింది, అత్త పగలగొట్టింది. ఇన్ని కుండలెందుకు పగులుతున్నాయని ఆ వెర్రిబాగులాయన ఒక్కనాడూ అడగలేదు. మట్టి మంచిది కాదేమోనని తొక్కిందే తొక్కేవాడు.

ఒకనాడు అంకమ్మ కర్ర ఎత్తి కుండ దగ్గర నిలబడింది. వాకిట్లో సీతాలు గవ్వలాడుతోంది. ఆడుతూ ఆడుతూ లేచి, ఎగిరిపోయిన గవ్వ కోసం పరిగెత్తింది. గోడ పట్టుకోలేదు. అంకమ్మ మెడ తిప్పి అట్టాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత కర్ర గోడకానించి వెళ్ళి కూచుంది.

మన్వీ, ఊ ఏదీ? ఆఁ, అట్టా.

ఏళ్ళు గడిచాయి. సంగతి ఊళ్ళో పొక్కింది. ఎముకల నీళ్ళంట, దెయ్యం నేర్పిందంట, ఈ నాంచారి ఇక్కడుంటే ఊరు మైలపడుతుందని పెద్దలు రాజుగారికి చెప్పుకున్నారు. రాజుగారు పల్లకీలో వచ్చాడు. దెయ్యమంటే భయమాయనకి, అందుకని పల్లకీలోంచి దిగలేదు. నాంచారిని కూడా దిబ్బ దగ్గరికి పంపేస్తే సరిపోతుంది కదా అన్నాడు. అందరూ సరిపోతుందన్నారు. నాంచారి కూతుర్ని దగ్గరికి తీసుకుంది.

"పంపండి. ముందు నా కూతురి నోరు చూసి పంపండి," అంది.

సీతాలు నోరు తెరిచింది. ముందు వచ్చిన పళ్ళు చారలవి. తర్వాత వచ్చిన దంతాలు తెల్లనివి. ఒకే నోట్లో రెండు రకాలు. రాజుగారు పల్లకీ దిగి మరీ చూశాడు. అదెట్టా అన్నాడు. ఒక పెద్దాయన, ఏదైనా గానీ ఎముకలు ఎముకలే, మర్యాదున్నవాళ్ళెవరూ ఆ నీళ్ళు తాగరు అన్నాడు.

అప్పుడు అంకమ్మ లేచింది. కర్ర పొడుచుకుంటూ ఇంట్లోకెళ్ళి, ముంతతో ఆ నీళ్ళు తెచ్చింది. అందరి ముందూ గటగటా సగం తాగేసింది.

"నా నడుం ఎట్టాగూ లేవదు," అంది. "నా మనవరాలి నడుం వంగకూడదు. కోడల్ని పంపితే దానెనక నేనూ పోతా. నా ఇంట్లో కుండలు చేసేవాడు ఒక్కడే మిగులుతాడు, వాడి వంట మీరే తినండి."

రాజుగారు చెయ్యి చాపి ముంత అడిగి తీసుకుని, తనూ ఒక గుక్క తాగాడు. ఇక పెద్దలేమంటారు?

అంకమ్మ మాత్రం అక్కడ ఆగలేదు. నాంచారి చెయ్యి పట్టుకుని పడమటి వైపు నడిచింది. గుడిసె ముందు నిలబడి మెడ పక్కకి తిప్పి చూసింది. పేరంటాలు, అంకమ్మ ఆ ఊరికి ఒకే ఏడు కాపురానికొచ్చిన వాళ్ళు. ఇద్దరూ ఒకే రోలు దగ్గర వడ్లు దంచారు.

"రావే పేరంటాలూ, అన్నం తిందువు గాని," అంది అంకమ్మ.

పేరంటాలు పొయ్యి ఆర్పింది, కడవ చంకనెత్తుకుంది, వచ్చింది.

ఆ తర్వాత రాళ్ళూళ్ళో ఇంటింటా ఆ కుండ వెలిసింది. కోటప్పకి చేతినిండా పని, ఎందుకో ఆయనకి ఎవరూ చెప్పలేదు. పిల్లలు నిటారుగా పెరిగారు. అంకమ్మ నడుం మాత్రం లేవలేదర్రా, అబద్ధం చెప్పకూడదు. వంగిన ముసలామె, నిటారు ముసలామె పొద్దుటే కలిసి బావికెళ్ళేవాళ్ళు. ఒకరు చేదితే ఒకరు మోసేవాళ్ళు. దారంతా తిట్టుకుంటూనే.

భయమేస్తే పారిపోండి, తప్పులేదు. పారిపోయి, ఊపిరి పీల్చుకుని, అదెందుకట్టా ఉందని ఒక్కసారి అడగండి. అంతే.

కథ కంచి బండెక్కేసింది, మనం మన మంచమ్మీదే ఉన్నాం. ఊ కొట్టేదే నిద్రపోయింది చూడు. దీపం తగ్గించు లోహీ.